ధనలక్ష్మి వాటా

"సంతకం పెట్టడానికి ఎంతసేపమ్మా?"

జగన్నాధం గారు అలా అడగడం పొద్దున్నుంచి మూడోసారి. గొంతు పెంచలేదు. ముప్ఫయి నాలుగేళ్లు బడిలో గొంతు పెంచకుండానే పిల్లల్నీ, పంతుళ్లనీ భయపెట్టిన మనిషి ఆయన.

భోజనాల బల్ల మీద కాగితం ఉంది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఆయన కళ్లజోడు పెట్టె. పక్కనే మూత తీసిన పెన్ను. ఆ పక్కన కోడలి కోసం పోసిన టీ, మీగడ కట్టి చల్లారిపోయింది.

అనూరాధ ఇవ్వాల్సిన సంజాయిషీని ఆయనే రాశారు. ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని కూర్చుని రాశారు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. 'ఎనిమిదో తరగతి ఉపాధ్యాయిని కుమారి హేమ, ప్రధానోపాధ్యాయినినైన నాకు తెలియపరచకుండా, తన సొంత నిర్ణయం ప్రకారం...'

అనూరాధ ప్రతిసారీ అక్కడిదాకా చదువుతోంది. మళ్లీ మొదటికి వెళ్తోంది.

"తెలియపరచకుండా అన్నది అబద్ధం మావయ్యగారూ."

"నువ్వు హేమకి కాగితం మీద ఆర్డరిచ్చావా?"

"లేదు."

"మరి నోటిమాటకి రుజువేమిటి?"

"హేమకి తెలుసు. నాకు తెలుసు."

గోడవారగా చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న ఆమె భర్త ఉమాశంకర్ తల తిప్పకుండానే అన్నాడు. "ఇద్దరికి తెలిసిందాన్ని ఊరందరికీ చెప్పాలా అనూ? నువ్వు ఊరుకుంటే సరిపోతాది. ఊరుకోడం కూడా రాకపోతే ఎలా?" గరివిడి ఫ్యాక్టరీలో ఆ రోజు అతనిది రెండో షిఫ్టు. ఇస్త్రీ పెట్టె గట్టిగా నొక్కుతున్నాడు, మడత మీద మడత పడుతున్నా చూసుకోకుండా.

జరిగింది చిన్న పొరపాటని పన్నెండు రోజుల కిందట అనూరాధే అనుకుంది.

ఆమె పనిచేసే నీలమ్మపేటలో కవళ్లనే చేపలు పడే రోజుల్లో పొద్దున్నే ఒడ్డు మీద నుంచి అలివి వల లాగుతారు. అటొక తాడు, ఇటొక తాడు. ఒక్కో తాడుకి పాతిక ముప్ఫయి మంది. తాడు పట్టిన ప్రతి చేతికీ చేపల్లో వాటా ఉంటుంది, పిల్ల చెయ్యైనా సరే. లాగుతూ లాగుతూ సొమ్మసిల్లి పడిపోయినవాడి వాటా కూడా ఇంటికి వెళ్తుంది. అది ఆ ఊరి కట్టు. వాటా వస్తుంది కాబట్టి బడిపిల్లలూ తాడు పడతారు. పంపకాలు అయ్యేసరికి పదకొండు. ఫోన్లో హాజరు వేసే యాప్ మాత్రం పదిన్నరకే మూసుకుపోతుంది.

'వాళ్లు ఎలాగూ వస్తారు హేమా. అందరికీ వేసెయ్యి.' కిందటేడు స్టాఫ్‌రూములో అనూరాధ చెప్పిన మాట అది.

పిల్లలు వచ్చేవారు కూడా. జుట్టులో ఇసకతో, అరచేతులు ఎర్రగా కంది, పదకొండుంబావుకి వచ్చి బుద్ధిగా కూర్చునేవారు. పన్నెండు రోజుల కిందట మాత్రం ఎనిమిదో తరగతి ధనలక్ష్మి రాలేదు. తాడు మెలికలో ఇరుక్కుని కుడిచేతి రెండు వేళ్లు చితికిపోయి, పది గంటలకి ఆస్పత్రి బల్ల మీద ఉంది. పదీ పదికి బడిలో హాజరు పడింది.

ఎవరో ఆస్పత్రి చీటీనీ, ఆ రోజు హాజరు పట్టీనీ ఒకే కవరులో పెట్టి పై ఆఫీసుకి పంపారు. రేపు పదింటికి విచారణ.

"తొమ్మిదింబావుకి గేటు మూసేసి ఉంటే ఇదంతా ఉండేది కాదు," అన్నారు జగన్నాధం గారు. "నేను ఎక్కడ పనిచేసినా బెల్లు కంటే ముందు గేటు దగ్గర నేనుండేవాణ్ణి. నిమిషం దాటితే ఎవణ్ణీ లోపలికి రానిచ్చేవాణ్ణి కాదు. నెల తిరిగేసరికి ఊరే తన గడియారం దిద్దుకునేది."

"దిద్దుకోలేని వాళ్లో?"

"వాళ్లు చదువుకునే రకం కాదు."

"నేను వెళ్లేసరికి మా ఎనిమిదో తరగతిలో పదకొండు మంది మావయ్యగారూ. గేటు సరిగ్గా టైముకి మూసేవారు. ఇప్పుడు ముప్ఫయి ఎనిమిది."

"ముప్ఫయి ఎనిమిది మందిని కూర్చోబెట్టడం గొప్ప కాదమ్మా. బడి అంటే ఏమిటో వాళ్లకి తెలియాలి. హెడ్డు ఒకచోట మెత్తబడితే అది ఒకచోట ఆగదు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నీకు కోపమొచ్చినా సరే, ఒక మాట విను. కింద ఒక టీచరు పోతే ఇంకో టీచరు వస్తుంది. హెడ్డు పోతే బడే పోతుంది. నీ తరవాత వచ్చేవాడు మొదటిరోజే ఆ గేటు మూస్తాడు. అప్పుడా ముప్ఫయి ఎనిమిది మందీ ఏమవుతారు? నువ్వు నిలబడాలి. హెడ్మాస్టరు తనని తాను కాపాడుకోవడం స్వార్థం కాదు. పద్ధతి."

అనూరాధ కాగితాన్ని కొంచెం దూరం జరిపింది. ఆ మాటలో నిజం లేకపోతే బాగుండేది.

"మొదటి మీటింగులోనే నేను స్టాఫుకి ఒక మాట చెప్పాను," అంది. "నేను చెప్పిన పని చేసి మీరు మాట పడాల్సి వస్తే, ఆ మాట నాది అని. అందుకే హేమ మళ్లీ అడక్కుండా చేసింది."

"మీటింగులో నేనూ చెప్పేవాణ్ణి. అందరూ చెప్తారు."

ఉమాశంకర్ చిన్నగా నవ్వాడు. నవ్వు ఎవరికీ అంటుకోలేదు.

"నిన్న సాయంత్రం మురళీమోహన్‌తో మాట్లాడాను," అన్నారు జగన్నాధం గారు. మురళీమోహన్ అంటే రేపు విచారణకి వచ్చే అధికారి. ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడు. "కాగితం ఇలా ఉంటుందని చెప్పాను. 'మీరు చెప్పారంటే చాలు మాస్టారూ' అన్నాడు. నేను మాటిచ్చేశానమ్మా."

"నన్నడక్కుండానా?"

"నువ్వు ఈ ఇంటి కోడలివి కాదా?"

ఇస్త్రీ పెట్టె ఆగింది. అనూరాధ లేచి, చల్లారిన టీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. వెళ్లడానికి ఆ ఇంట్లో వేరే చోటు లేదు.

వంటింట్లో అత్తగారు లక్ష్మణమ్మ కత్తిపీట ముందు కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తోంది. పొద్దున్నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. హేమ.

"మేడం, ఇందాక మీ మావగారు ఫోన్ చేశారు." ఆ పిల్ల గొంతు జలుబు చేసినట్టుంది. "మీకు తెలీకుండా నేనే హాజరు వేశానని రాసి రేపు తెమ్మన్నారు. రాసేశాను మేడం. వార్నింగుతో పోతాదన్నారు. నేనింకా పర్మనెంటు కాలేదు కదా... వార్నింగుతోనే పోతాదా మేడం?"

"హేమా..."

"మీరు కూడా అలాగే అనుకుంటున్నారన్నారు. మీరనుకుంటే ఫరవాలేదు. నాకు ఆ ఒక్కటీ తెలిస్తే చాలు."

వద్దు అనాలి. ఒక్క మాట. అవతలి గదిలో పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసిన చప్పుడు వినిపించింది.

"రేపు మాట్లాడుకుందాం హేమా," అంది అనూరాధ.

ఫోన్ పెట్టేశాక తన గొంతు తనకే ఎవరిదోలా అనిపించింది. మురళీమోహన్‌తోనూ మావగారు ఇలాగే మెత్తగా మాట్లాడి ఉంటారు.

లక్ష్మణమ్మ తల ఎత్తలేదు. "అప్పలసూరి మేస్టరు తెలుసేటి నీకు?"

"ఏడాదికోసారి పనసకాయ పట్టుకొస్తారు, ఆయనేనా?"

"ఆ. ఆయనే. మీ మావగారు కొండ కింద బళ్లో ఉన్నప్పుడు పరీచ్చ కాగితాల కట్ట ఒకటి పోనాది. బీరువా తాళాలు ఈయన మొలలోనే ఉండేవి. అప్పలసూరి అప్పుడు కుర్రాడు, కొత్తగా పెళ్లయినాది. ఆడి సేతిలో పోనాయని ఈయన రాసినారు. ఆడు సంతకం పెట్టీసినాడు. ఎనిమిదేళ్లు కొండమీద బళ్లకి తిప్పినారు."

"ఆయనేమీ అనలేదా అత్తయ్యా?"

"ఏటంటాడు? ఇప్పటికీ వస్తాడు, కాళ్లకి దండం పెడతాడు. మీ మావగారు మర్యాదనుకుంటారు." బీరకాయ తొక్క పొడుగ్గా రాలింది. "ఆడొచ్చినప్పుడల్లా నాను ఇక్కడికి వచ్చీసి పొయ్యి ఊదినట్టు కూకుంటాను. గ్యాసు వచ్చినాక కూడా."

అనూరాధ ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. "మావయ్యగారితో ఎప్పుడూ అనలేదా?"

"లేదు. ఇదిగో, ఇప్పుడు నీతో అంటన్నాను."

"నన్నేం చెయ్యమంటారు?"

"నానేటి సెప్తాను? నాది ఏలిముద్ర. సంతకం పెట్టమని నన్నెవులు అడిగినారు ఎప్పుడైనా?"

వీధిలో ఆటో ఆగింది. ఆ వెంటనే ఇంటి ముందు పెద్ద గొంతు.

"హెడ్డు మేడమ్మా! ఉన్నారేటి?"

నీలమ్మపేట దేముడమ్మ. చంకలో తడి గోనెసంచి. వెనకాల మనవరాలు ధనలక్ష్మి, బడి యూనిఫాంలో, ఆదివారం పూట. కుడిచేతికి పిండికట్టు అంత లావు బ్యాండేజీ.

"ఇల్లు ఎతకలేక సచ్చిపోనాం మేడమ్మా. హెడ్డు మేడం ఇల్లెక్కడంటే సీపురుపల్లిలో ఒక్కడికీ తెలవదు. జగన్నాధం మేస్టారి కోడలంటే గుమ్మం దాకా దిగబెట్టినారు!" సంచి గుమ్మంలో దించింది. "కవళ్లు. బేగి కడిగించండి, ఎండెక్కిపోనాది."

"ఎందుకొచ్చారు దేముడమ్మా ఇంత దూరం? ఈ చేత్తో పిల్లని తిప్పుతావా?"

"ఎందుకొచ్చినామా? మీరు బయపడతన్నారని తెలిసి వొచ్చినాం." చీర కొంగుతో మొహం తుడుచుకుని, జగన్నాధం గారికి ఒక దండం పెట్టి, గుమ్మం దగ్గరే చతికిలబడింది. "ఇంక బయం నేదు. నిన్న ఊరు కూకున్నాది. పెద్దలు కట్టు సేసినారు. పిల్ల ఆ పొద్దు బళ్లోనే ఉన్నాది. గేటు మూస్తంటే సందులో సెయ్యి నలిగిపోనాది. అంతే మాట. పెద్దోడైనా, పిల్లోడైనా ఊరందరిదీ అదే మాట. ఎవులు తేడాగా నోరిప్పినా ఆ ఇల్లు తప్పు డబ్బు కట్టాల."

అనూరాధ దేముడమ్మ వైపు అలాగే చూసింది.

"ఏటి మేడమ్మా, అలగ సూత్తారు? బళ్లో ఉన్నట్టు మీ పోన్లో ఉన్నాదంట గదా. ఉన్నదాన్ని ఉన్నట్టే సేసీసినాం."

"మిమ్మల్ని ఎవరు చెయ్యమన్నారు?"

"ఓలమ్మ! ఒకలు సెప్తే సేత్తామేటి? మీరు మా పిల్లల కోసం గేటు తీసి ఉంచినారు. ఆ గేటు కాడే మీరు పడిపోతంటే మేం ఒడ్డున కూకుని సూత్తామేటి?" దేముడమ్మ నవ్వింది. ఆ నవ్వులో ఎక్కడా కల్మషం లేదు. అందుకే అనూరాధకి భయం వేసింది.

ఉమాశంకర్ ఇస్త్రీ ప్లగ్గు పీకేశాడు. "అయిపోయింది కదా! హాజరు నిజం, దెబ్బ నిజం. ఇంక గొడవేముంది? నాన్నా, ఇది మనకి తట్టనే లేదు." చాలా రోజుల తరవాత అతని భుజాలు కిందికి దిగాయి. "అమ్మా, వీళ్లకి టీ పెట్టు."

జగన్నాధం గారు మాత్రం కాగితాన్నే చూస్తున్నారు. "ఆ వారం గేటు డ్యూటీ ఎవరిది?" అన్నారు.

అనూరాధ పిల్ల చేతి కట్టు వైపు తిరిగింది.

"కుర్ర టీచర్లదే కదా గేటు. హేమదేనా?"

అనూరాధ చెప్పకపోవడమే ఆయనకి జవాబైంది. పాత కాగితం పక్కకి జరిపి, ప్యాడ్‌లోంచి తెల్లకాగితం ఒకటి తీసుకున్నారు. "అయితే ఇదింకా మంచిది. దొంగ హాజరు మాటే రాదు. గేటు దగ్గర అజాగ్రత్త. అది చిన్న తప్పు." ఒక్క క్షణం ఆగి, ఆ పిల్లని దగ్గరికి రమ్మని చెయ్యి ఊపారు. "ఏం జరిగిందమ్మా? రేపు ఆయన అడుగుతారు. నాకు చెప్పు."

ధనలక్ష్మి గదిలోకి వచ్చి నిటారుగా నిలబడింది. దెబ్బ తగిలిన చెయ్యి వీపు వెనక దాచుకుంది.

"ఆ రోజు ఉదయం ప్రార్థన అయిన తరువాత గేటు మూయుచుండగా నా చెయ్యి గేటు సందులో పడినది సార్. నేను ఆ రోజు బడికి సకాలంలో వచ్చితిని సార్."

ఎక్కడా తడుముకోలేదు. రెండేళ్ల కిందట లేచి తన పేరు చెప్పడానికి కూడా కిటికీలోంచి సముద్రం వైపు చూసిన పిల్ల అది. దాన్ని నలుగురిలో మాట్లాడించడానికి అనూరాధకి ఏడాది పట్టింది. నువ్వు చెప్పాల్సింది నువ్వే చెప్పాలి అని వెంటబడి నేర్పింది. ఇప్పుడు చెప్పింది.

"చాలా బాగా చెప్పావు," అన్నారు జగన్నాధం గారు. ఆయన మెచ్చుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎక్కువసార్లు విని ఉండరు.

అనూరాధ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. బ్యాండేజీ చెయ్యి మెల్లగా ముందుకి తీసుకుంది. ఇసక ఇంకా ఉంది, గుడ్డ మడతల్లో.

"నొప్పిగా ఉందా?"

"నేదు మేడం."

"ఆ రోజు నీ వాటా ఇచ్చారా?"

పిల్ల అమ్మమ్మ వైపు చూసింది. దేముడమ్మ మొహంలో నవ్వు తగ్గింది. "ఎలగిత్తారు మేడమ్మా? వాటా పుచ్చుకుంటే తాడు పట్టినట్టే గదా. వలకాడి పెద్దలు దీని పేరు తీసీసినారు. మేం కూడా సరే అన్నాం. పళ్లెం కవళ్లకేటిలే."

"నిన్నే అడుగుతున్నాను ధనలక్ష్మీ."

"ఇవ్వలేదు మేడం." పిల్ల చూపు నేల మీద ఉంది. "నాను ఆ పొద్దు తాడు పట్టనేదు గదా."

ఈ మాట దానికి ఎవరూ నేర్పలేదని వినగానే తెలుస్తోంది. బ్యాండేజీలోంచి బయటికి ఉన్న మూడు వేళ్లూ ఒక్కసారి ముడుచుకున్నాయి, ఏదో పట్టుకున్నట్టు.

తాడు మీద పడిపోయినవాడికి కూడా వాటా పంపే ఊరు. హెడ్డు మేడం కోసం ఒక పిల్ల పేరు కొట్టేసింది. అనూరాధ లేచి నిలబడింది. బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. మావగారి పాత కాగితాన్ని వెనక్కి తిప్పింది. అటు ఖాళీ.

"అదెందుకు? కొత్తది నేను రాస్తున్నాను కదా," అన్నారు జగన్నాధం గారు.

ఆమె పెన్ను తీసుకుని ఒక వాక్యం రాసింది. పెద్ద అక్షరాలతో, నల్లబల్ల మీద రాసినట్టు.

'ఆ రోజు ధనలక్ష్మి బడిలో లేదు.'

తరవాతి వాక్యానికి ఒక పేరు కావాలి. ఎవరు వెయ్యమన్నారో ఆ పేరు. అది రాస్తే హేమ ఇందులోంచి బయటపడుతుంది. రాస్తే నీలమ్మపేట మొత్తం అబద్ధాలకోరు అవుతుంది, రేపు పదింటికి, ఒక అధికారి ముందు. రాస్తే సోమవారం సాయంత్రానికి ఆ గేటు మూసే మనిషి వస్తాడు. పెన్ను కాగితాన్ని తాకి ఆగింది. చుక్క లావవుతోంది.

"అనూరాధా."

జగన్నాధం గారు ఆమెని 'అమ్మా' అనకుండా పిలవడం ఈ ఇంటికి వచ్చాక ఇదే మొదలు. ఉమాశంకర్ రెండడుగులు ముందుకి వేసి, గుమ్మంలో బయటివాళ్లున్నారని ఆగిపోయాడు. వంటింటి తలుపు దగ్గర లక్ష్మణమ్మ, చేతిలో సగం చెక్కిన బీరకాయతో.

దేముడమ్మ మెడ చాచి చూస్తోంది. "ఏటి రాత్తన్నారు మేడమ్మా? మా ఊరి మాటేనా?"

జగన్నాధం గారు కళ్లజోడు సర్దుకున్నారు.

"ఏటది బాబూ, సెప్పరేటి?" జగన్నాధం గారి మొహం చూసింది. కోడలి మొహం చూసింది. వంటింటి తలుపు దగ్గర తనలాగే ఆ కాగితం వైపు ఊరికే చూస్తున్న లక్ష్మణమ్మని చూసింది. ఇంక లాభం లేదనుకుని మనవరాలి భుజం పట్టుకుని ముందుకి తోసింది. "నువ్వు సదువే గుంటా. నీకొచ్చు గదా. పెద్దగా సదువు, అందరికీ ఇనబడాల."

ధనలక్ష్మి బల్ల మీదికి వంగింది. ముందు పెదాలతో చదువుకుంది, బడిలో అలవాటైనట్టు. ఆ వాక్యం నిజమే. అది ఆ పిల్ల నోటి నుంచి వస్తే తప్పు కట్టాల్సింది ఆ పిల్ల ఇల్లే.

పిల్ల తలెత్తి అనూరాధ వైపు చూసింది.

అనూరాధ తల ఊపలేదు. అడ్డంగానూ ఊపలేదు. ఏ వైపు ఊపినా అదీ ఒక ఆర్డరే అవుతుంది. మళ్లీ నోటిమాట కూడా లేని ఆర్డరు.

"సదువే," అంది దేముడమ్మ.

ధనలక్ష్మి నోరు తెరిచింది.